మా ఆయన ఏడో రోజు, మీ వాళ్ళ ప్రచారసభ

హలో… ఆ, నేనే. సుమార్తీనే. మీరెవరు?

— ఓహో! టీవీ గలీహ్ గారా! రాత్రి వార్తల్లో మా వీధిని చూపించిన గలీహ్ గారే కదూ? … అబ్బ, చేశారే చివరికి! పొద్దుట్నుంచి మీ ఆఫీసుకి చేస్తుంటే పాట వినిపిస్తున్నారు. పాట బాగుంది లెండి. మీ వార్తలకన్నా నయం.

— లేదు బాబూ, మెచ్చుకోడానికి కాదు.

— అదే… "హర్దోయో గారి కోసం పోటెత్తిన జనసముద్రం" అన్నారే… ఆ సముద్రం మా వాకిలి. … అవును, ఆ పచ్చ తలుపు మాదే.

— ఎన్నికల సభా? ఏ సభ? నెల కిందట, మా ఆయన పోయిన ఏడో రోజున చేసిన ప్రార్థన అది.

— ఆ, పోయారు. గుండెపోటు. … సరే సరే, సంతాపం తర్వాత చెబుదురుగాని.

— చేతులెత్తారా? జేజేలు కొట్టడానికా? … దువా చేసేటప్పుడు అరచేతులు తెరవక జేబుల్లో పెట్టుకుంటారా బాబూ! మీ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ పోలేదా? … పోయారుగా. మరి మీ తాతగారికి చదివినప్పుడు ఎవరికి ఓటడిగారు?

— ఆ, శబ్దం సంగతీ అడుగుదామనే. మా వాళ్ళు ఫాతిహా ప్రార్థన చదువుతుంటే, ఆ గొంతులు తీసేసి డప్పులు పెట్టారు. చచ్చిపోయినాయన లేచి కూర్చోలేదు, అదే మేలు.

— వీడియో ఎక్కడిదని నన్నడుగుతారేంటి? దొంగ వచ్చి, నగ ఎక్కడ చేయించారని అడిగినట్టుంది! … మా అమ్మాయి తైవాన్‌లో ఉంది. అక్కడెవరో ముసలావిణ్ణి చూసుకుంటోంది. తండ్రి పోతే సెలవివ్వలేదు. అది చూసుకుని ఏడవడానికని మా మరిది ఫోన్లో తీసి పంపాడు. నాన్న కోసం దువా చేయండని పిల్ల నెట్లో పెట్టి నలుగురికీ చూపించుకుంది. మీరేమో ఓటు చేయండన్నారు.

— బ్యానరా… ఆ, ఉంది. కాదనను. హర్దోయో గారి మొహం, పళ్ళన్నీ కనిపిస్తూ, సరిగ్గా మా పొయ్యి మీద. … అభిమానమా? వాన బాబూ, వాన! అన్నం డేగిసా తడిసిపోతోంది. మీకు తెలీదా ఏం, నాయకుల గుడ్డలు ఊళ్ళో ఎందుకు పనికొస్తాయో? ఒకాయన మీద వడ్లు ఎండబోస్తాం. ఒకాయన్ని కోళ్ళ గూటికి కప్పుతాం. ఆ కోళ్ళు ఏ పార్టీవో కనుక్కుని చెప్పమంటారా?

— ఎవరు కట్టారా? … అది మీకెందుకు? ముందు నా గోడు వినండి.

— ఇవాళ సాయంత్రం నలభయ్యో రోజు ప్రార్థన. తెల్లారేసరికి వీధి ఆడవాళ్ళంతా వచ్చి నాతో కలిసి వండాలి. మా వైపు అంతే. పిలవక్కర్లేదు, కత్తులు పట్టుకుని వాళ్ళే వస్తారు. … కత్తులంటే ఉల్లిపాయలకి! రాసేసుకోకండి. … ఇవాళ ఒక్కరు రాలేదు. ఒక్కరు! ఇంత బియ్యం ముందేసుకుని ఒక్కదాన్నే కూర్చున్నా.

— ఎందుకు రాలేదంటే… అవతలి ఛానెల్ చూడలేదా? మీ వీడియోనే తీసుకున్నారు. "అన్నం పొట్లాలతో ఓట్ల కొనుగోలు"ట! ప్రార్థనకి వచ్చినవాళ్ళకి ఇంటికి పట్టుకెళ్ళమని పొట్లం ఇవ్వడం మా తాతల నాటి నుంచీ ఉంది. అదే అన్నం… మీకు అభిమానం, వాళ్ళకి లంచం. తిన్నవాళ్ళు మాత్రం ఉప్పు తక్కువైందన్నారు.

— ఆగండి, ఇంకా ఉంది. ముందు వరసలో తెల్లటోపీ పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్నాయన ఉన్నారే… "ఉద్వేగం ఆపుకోలేని అభిమాని" అన్నారే… ఆయన తుకిరాన్ గారు. మా పక్కిల్లే. అవతలి పార్టీకి మా వీధిలో పెద్ద ఆయనే! … నవ్వకండి బాబూ. రాత్రికి రాత్రే ఆయన్ని పార్టీలోంచి తీసేశారు. ద్రోహి అట. మా ఆయన జనాజా మోసిన భుజం అది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నేనే కెమెరాల్ని పిలిచానని వాళ్ళ పార్టీ వాళ్ళు ఆ ఇంట్లో చెప్పారట. పొద్దున నన్ను చూసి వాళ్ళావిడ రుక్మీ తలుపేసుకుంది. ఇరవయ్యేళ్ళలో మా మధ్య తలుపు పడటం ఇదే మొదలు.

— ఏం కావాలంటే… ఒక్క ముక్క. "అది సభ కాదు, చావింటి ప్రార్థన, పొరబడ్డాం" అని. మధ్యాహ్నం వార్తల్లో. … చోటుండదా? సబ్బు ప్రకటనలు ఒకటి తక్కువ వేయండి.

— పైవాళ్ళని అడగాలా? పైవాళ్ళంటే మీ యజమానేగా, హర్దోయో గారి వియ్యంకుడు? … ఓహో. వియ్యంకుడి తప్పు దిద్దొచ్చా అని వియ్యంకుణ్ణి అడుగుతారన్నమాట. చాలా బాగుంది.

— …ఏమిటీ? వేస్తారా? నిజంగా? … అడిగి వచ్చారా అప్పుడే! … కానీ? ఆ, చెప్పండి, ఆ "కానీ" ఏమిటో.

— బ్యానరు కట్టింది ఎవరో చెబితేనా.

— ఆహా… "హర్దోయో బ్యానరును ఎత్తుకెళ్ళిన దొంగ". శీర్షిక కూడా అయిపోయిందే! దొంగ దొరికితే, పోనీ పాపం అని మా ఆయన చావు ఓ మూల చెబుతారు. … కేసు పెడతారా? గుడ్డ ముక్కకి?

— వీడియోలో నిచ్చెన మీద కాళ్ళు కనిపిస్తున్నాయా. … పైన మనిషి కనిపించడం లేదుగా?

— తుకిరాన్ గారా? నేనన్నానా ఆ మాట?

— సరే. పేరు కావాలి కదూ? కలం పట్టుకున్నారా? రాసుకోండి. సు-మా-ర్తీ. … నేనే. కూడలి దగ్గర స్తంభం నుంచి నేనే పీక్కొచ్చాను, నేనే నిచ్చెనెక్కి కట్టాను. … మగవాళ్ళ కాళ్ళా? వరి మళ్ళలో దిగినవాళ్ళ కాళ్ళు అలాగే ఉంటాయి. మీ స్టూడియోలో అమ్మాయిల కాళ్ళు అనుకున్నారా?

— నిజమే చెబుతున్నా. మీరు రాత్రి చెప్పినంత నిజం.

— ఉండండి, పెరటి తలుపు దగ్గర ఎవరో…

…రుక్మీ? ఎప్పుడొచ్చావే? … అంతా విన్నావా? … ష్, మెల్లిగా, ఫోనుకి చెయ్యడ్డం పెట్టా. … ఏడవకు. ఏమౌతుంది, మహా అయితే స్టేషన్లో ఓ పూట కూర్చోబెడతారు. మీ ఆయన్ని గమ్మున ఇంట్లో ఉండమను. "కట్టింది నేను" అంటూ ఇటు పరిగెత్తుకు రావద్దను. ఉన్న పరువూ పోతుంది. … వెనకాల ఎంతమందే వాళ్ళంతా? … రండి, రండమ్మా. అపెమ్ అప్పాలకి పిండి ఇంకా కలపనే లేదు. నువ్వు కలిపితేనే పొంగుతుంది.

— హలో… ఆ, ఉన్నా. … ఎవరూ కాదు, మా వీధి ఆడవాళ్ళు. … ఏ పార్టీ వాళ్ళా?

— కెమెరా పట్టుకుని వస్తారా? సాయంత్రమా? … వద్దు బాబూ. మీరు వస్తే మళ్ళీ సముద్రం అయిపోతాం. మాకు వాకిలి చాలు.

— రుక్మీతో ఒక్క మాటా? ఆవిడ చేతులు పిండిలో ఉన్నాయి. నాకూ ఉల్లిపాయలున్నాయి. పెట్టేస్తున్నా.