నెమళ్ల చొక్కా

శ్రీకాళహస్తిలో, పాలల్లో నానబెట్టిన గుడ్డ మీద కలంకారీ బొమ్మలు వేసే మునిచంద్ర ఇంట్లో రేపు కూతురు మహిత నిశ్చితార్థం. బట్టలు సర్దుతూ ఆమె పెట్టె అడుగుదాకా వెతికింది.

"నాయనా, నువ్వు బొమ్మలేసుకున్న నెమళ్ల చొక్కా యాడుండాది? రేపు అదే ఏసుకో."

"అదెందుకుమా? మొగపెండ్లోళ్లు గంగిరెద్దులాయన వచ్చినాడనుకుంటారు."

"అనుకోనీ. అట్లాంటిది ఈ ఊర్లో ఇంకెవురికుండాది?"

"నువ్వే గదా, కాలేజీ ఫంక్షనుకు ఆ పాలకంపు చొక్కాతో రావద్దు, అందరి మాదిరి తెల్లది ఏసుకోని రమ్మని ఫోన్ చేస్తివి?"

"అవును, అంటిని. నువ్వూ కొత్త తెల్లది కొనుక్కోని వస్తివి."

"కొన్లేదుమా. బస్సుకు టయిం లేకపాయె. నెమళ్లదాన్నే బ్లీచింగు నీళ్లల్లో నానబెట్టి, తడిమీదే తొడుక్కోని వచ్చినా. దగ్గిరికొచ్చింటే నెమళ్ల జాడ కనిపించుండు."

ఆ రోజు స్నేహితురాళ్ల మధ్య నిలబడి, దూరం నుంచే చెయ్యి ఊపి పంపేసిన సంగతి మహితకు గుర్తుంది.

"పెండ్లికి ఇంకో చొక్కా మీద బొమ్మలేసుకో నాయనా. నీ చేతికదెంత పని?"

"బొమ్మలు ఎన్నైనా ఏస్తానుమా. అది తొడుక్కోని నలుగురిలోకి పొయ్యేదానికి పొగరుండాల. అదే మళ్లీ రాలేదు."