ముక్కు పనిచెయ్యదని రాసివ్వండి

అబ్బబ్బ, ఇంకెన్ని సీసాలు వాసన చూపిస్తారండీ డాక్టరు గారూ! ఏమీ తెలియడం లేదని ఇందాకణ్ణించీ మొత్తుకుంటున్నానా? ముక్కు పోయింది. దాంతోపాటు రుచీ పోయింది. ఆ ముక్కే కాగితం మీద రాసి సంతకం పెట్టేస్తే నా దారిన నేను పోతాను. బయట జనం దగ్గలేక చస్తున్నారు.

నవ్వకండి. ఆ కాగితం మీదే నా ఉద్యోగం ఉంది.

నేను వంటవాణ్ణండీ. అంటే మామూలు వంట కాదు లెండి. టెప్పన్‌యాకీ. జపాను వాళ్ళ పద్ధతి. మంచమంత ఇనప పెనం, చుట్టూ ఎనిమిది మంది, వాళ్ళ ముందు నేను. అట్లకాడ మీద గుడ్డు గిరగిరా తిప్పుతాను. రొయ్యని ఎగరేసి ఎదుటాయన నోట్లో పడేస్తాను. ఉల్లిపాయ చక్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, నూనె పోసి అంటిస్తే భగ్గుమంటుంది చూడండీ, పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా చిన్నపిల్లల్లా కేకలు పెడతారు. పైగా మాది ఫ్యూజన్. అంటే ఏం లేదు, ఏ దేశం వాళ్ళూ మాదేనని ఒప్పుకోని వంట.

రెండేళ్ళ కిందట జ్వరమొచ్చి వాసన పోయింది. రెండు నెలలు దాచాను. చేతి అలవాటు కొద్దీ ఉప్పేసేవాణ్ణి. ఎవరు కనిపెడతారోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడేవాణ్ణి. ఒక్కరంటే ఒక్కరు? ఊహూఁ! అందరూ ఫోన్లెత్తి మంటని ఫోటో తీసుకునే హడావిడిలో ఉంటారు. చల్లారాక తినేవాడికి ఉప్పు సంగతి ఎందుకు?

చివరికి నాకే సిగ్గేసి, మానేస్తానని ఓనరు గారితో చెప్పాను. ఆయనేం చేశారనుకున్నారు? లేచొచ్చి కౌగలించుకున్నారు! "ఇంత మంచి విషయం ఇన్నాళ్ళూ ఎందుకు దాచావయ్యా" అన్నారు. వారం తిరక్కుండా గుమ్మంలో నా నిలువెత్తు ఫోటో, కళ్ళు మూసుకుని. కింద ఏం రాయించారో తెలుసా? ‘ఈయన రుచి చూడడు. గుర్తు తెచ్చుకుంటాడు.’

నేను గుర్తు తెచ్చుకోవడమేంటండీ నా మొహం! కళ్ళజోడు ఎక్కడ పెట్టానో రోజూ ఇంట్లో నలుగురూ కలిసి వెతుకుతారు.

అంతే, అక్కణ్ణించి మూడు వారాలు ఆగితే గానీ టేబుల్ దొరకదు. పేపర్లో తిండి గురించి రాసే పెద్దమనిషి వచ్చాడు. ఆ రోజు సాసులో ఉప్పు వెయ్యడమే మర్చిపోయాను. ‘ఈ వంటలో ఒక మౌనం ఉంది’ అని రాశాడు. మౌనం! మా ఆవిడ దాన్ని ఫ్రేము కట్టించింది.

ఇప్పుడు ఎదురు హోటలువాడు ఇదంతా నాటకమంటున్నాడు. అందుకే మా ఓనరు గారు మీ కాగితం తెమ్మన్నారు, నా ఫోటో పక్కన తగిలిస్తారట. తేకపోతే ఫోటో దిగుతుంది, దాంతో నేనూ దిగుతాను.

ఏంటండీ అలా చూస్తున్నారు? సీసా మూత తీయగానే మొహం చిట్లించానా? నేనా? అబ్బే, లైటు కళ్ళలో పడిందండీ.

...సరే. ఆ తలుపు వేసెయ్యండి. మీ దగ్గర దాచి ఏం లాభం.

పోయిన ఆదివారం వచ్చేసిందండీ, చెప్పాపెట్టకుండా. పెనం మీద వెల్లుల్లి వేశాను, గుప్పుమంది. కళ్ళనీళ్ళు ఆగలేదు. రెండేళ్ళండీ! మా చంటిదాన్ని ఎత్తుకుంటే దాని తల వాసన కూడా తెలిసేది కాదు నాకు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు అది కూడా ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

ఆ సంబరంలో వెనక్కెళ్ళి నా సాసు, నా పేరు పెట్టి అమ్ముతున్న సాసు, ఒక చెంచాడు నోట్లో వేసుకున్నాను.

డాక్టరు గారూ, పోస్టర్లు అంటించే జిగురు ఉంటుందే, అందులో కాస్త పంచదార కలిపినట్టుంది. దాన్ని రెండేళ్ళపాటు కళ్ళు మూసుకుని ‘ఆహా’ అంటూ తిన్నారు! ఒక్కడైనా చెప్పొచ్చు కదా? పోనీ మా ఆవిడ? అడిగితే, "అంత గొప్పవాళ్ళు మెచ్చుకుంటుంటే నాకే అర్థం కావడం లేదేమో అనుకున్నానండీ" అంది.

సోమవారం ఒళ్ళు దగ్గర పెట్టుకుని వండాను. ఉప్పు, పులుపు, కారం, అన్నీ నాలుక మీద వేసి చూసుకుని మరీ. ఇరవై ఏళ్ళలో అంత బాగా ఎప్పుడూ కుదరలేదు, ఒట్టు. ఎనిమిది ప్లేట్లలో ఆరు వెనక్కొచ్చాయి. పాత రుచి లేదన్నారు. ఒకావిడైతే "ఆయనకి ఒంట్లో బాలేదా పాపం" అని అడిగిందట.

ఓనరు గారు గుమ్మంలో ఫోటో వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు.

నిన్నేం చేశానో చెప్పనా? ఎవరితోనూ అనకండి. ముక్కులో రెండు పక్కలా దూది కుక్కుకుని, పెదాలు బిగించుకుని వండాను. ప్లేట్లన్నీ నాకేసినట్టు ఖాళీగా వచ్చాయి.

రాయండి మరి. అబద్ధమేం కాదు లెండి. దూది ఉన్నంతసేపూ నాకు నిజంగానే ఏమీ తెలీదు.