కమిటీ ఇల్లు ఆఖర్న

ఇంకెన్నిసార్లు చూస్తవయ్యా ఆ రోడ్డు దిక్కు? ట్రాక్టర్ వస్తే చప్పుడు ఇనపడదా ఏంది? ఒళ్లంత తడిసి వణుకుతున్నవ్, కాసేపు కూసో. నీళ్లు మొదటి మెట్టు ఎక్కినయ్, నాకూ కండ్లున్నయ్.

లోపలికి పోకు. పుష్పకు ఇప్పుడే కన్నంటుకున్నది, లేపకు.

పొద్దున ఏమన్న నేను? నెలలు నిండిన కోడలు, మొదటి ట్రిప్పుల గుట్టమీది హాస్టల్‌కు తోలుదం అన్ననా లేదా? నువ్వేమన్నవ్? "నొప్పులు రాలే గదా మంగ్లీ, కమిటీ ఇల్లు ఆఖర్న గదా" అన్నవ్. పెద్ద చట్టం చేసినట్టు చెప్పినవ్. కొడుకేమో ఇల్లందుల బొగ్గుబాయి డ్యూటీల ఇరుక్కపాయె. తొవ్వలన్నీ మునిగినయ్, ఎట్లొస్తడు? నిన్నటి సంది ఫోన్లు గుడ సచ్చినయ్.

ఈ కమిటీ పుట్టిన కాడ నేను లేనా? దూలయ్య వరదల కొట్టుకపోయిన యేడు గదా. గోదారి పోటెక్కి వాగును ఎనక్కు తంతే ఊరంత నీళ్లే. ట్రాక్టర్లున్నోళ్లు బీరువాలు ఎక్కించుకున్నరు, ఫ్రిజ్జులు ఎక్కించుకున్నరు. దూలయ్య వాగొడ్డున ఇంటి పెంకుల మీద కూసొని చెయ్యి ఊపుతనే ఉన్నడంట. మళ్లొస్తమన్నరు. ఎవడొచ్చిండు? పెండ్లాం ముత్తక్క ఒక్కతే మిగిలింది.

దినాలైనంక బడి వరండల కూసున్నరు మీరంత. జీతం లేదు, బోర్డు లేదు, ఎవరికి చాతనైన పని వాళ్లు చెయ్యాలె అనుకున్నరు. అప్పుడు ముత్తక్క లేచి ఒక్కటే అడిగింది. "ఈసారి ఎవరు ఆఖర్న ఎక్కుతరు?" అని. అందరు కింద చూసిన్రు. నువ్వు లేచి "మా ఇల్లు" అన్నవ్. నన్ను అడిగినవా? అడగలే. అయినా ఆ పొద్దు నాకు గర్వమే అనిపించింది, అబద్ధమెందుకు.

మొదట్ల నవ్విన్రు జనం. తర్వాత వచ్చిన వరదకు తెలిసింది నీ మాట బరువేందో. మన తలుపు తెరిచి ఉంటే చాలు, భద్రన్న ఇంక ఊర్లనే ఉన్నడని నిమ్మళంగ సర్దుకున్నరు. మనింటోళ్లు ట్రాక్టర్ ఎక్కిన్రంటే ఊరు ఖాళీ అయినట్టే. చిన్న పిల్లలకు గుడ తెలుసు ఆ గుర్తు. ఎవరికన్న జరమొస్తే భద్రాచలం దవాఖానకు తీసుకపోవుడు, నల్లాకాడ నీళ్ల లొల్లి తెంపుడు, అన్నీ మీ నెత్తినే పడ్డయ్. ఆఫీసరొచ్చి, రిజిస్టర్ చేద్దం, నువ్వు చైర్మన్‌వి కా అంటే వద్దన్నవ్. మంచిదే. నేనేమన్న అన్ననా?

మళ్ల రోడ్డు దిక్కే చూస్తున్నవ్. ట్రాక్టర్ తోలే కోటేష్ వస్తడు, ముందుగాల వాగొడ్డున మిగిలిన ముత్తక్కను ఎక్కించుకొని ఇటు మలుపుతడు, అదే గదా నీ ఎదురుచూపు?

యాడికి లేస్తున్నవ్? లోపలికి పోకు అన్ననా.

సరే. చూసినవ్ గదా. ఖాళీ మంచమే.

నువ్వు తాడు కట్టి బడి దిక్కు జనాన్ని దాటిస్తున్నప్పుడు మొదలైనయ్ పుష్పకు నొప్పులు. మంచం పట్టె పట్టుకొని పిల్ల మొఖం నల్లగైపాయె. ఇరుగుపొరుగు ఎవరూ లేరు. ఎవర్ని పిలుస్త? మూల మీద కోటేష్ ట్రాక్టర్ కనపడ్డది. నీళ్లల్ల ఉరికి అడ్డం నిలబడ్డ.

ఇద్దరం పట్టి పుష్పను ఎక్కించినం. వాడు నా మొఖం చూసిండు. "మీ ఇల్లు గుడ ఎక్కుతున్నదంటే అందరెళ్లినట్టేనా మంగ్లక్కా?" అని అడిగిండు.

ఏం చెప్పమంటవ్? ముత్తక్క ఇంక వాగొడ్డునే ఉన్నదంటే వాడు ముందు ఆడికే పోతడు. ఆ బురదల టైరు దిగబడితే పిల్ల ట్రాక్టర్ల కనాల్నా?

అవ్ అన్న. అందరెళ్లిన్రు, నేనూ భద్రు తాడు పట్టుకొని నడిచొస్తం, నువ్వు పో అన్న. పోయిండు. ఇంక రాడు. పని అయిపోయిందని గుట్టమీద ట్రాక్టర్ ఆపి టీ తాగుతుంటడు. వాని తప్పేమున్నది? నువ్వు నేర్పిన గుర్తే గదా.

ఒక్క మాటన్న తిట్టరాదా. గట్ల చూడకు నన్ను.

ముత్తక్క మూట ఒళ్లె పెట్టుకొని అరుగు మీద కూసొని ఉంటది. నువ్వొస్తవనే ధీమాతోటి ఉంటది. పుష్పను ఎక్కించినప్పుడు గుడ ఆమె మొఖమే యాదికొచ్చింది నాకు. అయినా అవ్ అన్న. మళ్ల అడిగినా అవ్ అనే అంటనేమో. నువ్వైతే అనకపోదువు. అందుకే నువ్వు కమిటీ, నేను నీ పెండ్లాన్ని.

తాడు తీసినవా? రెండో కొస నాకియ్యి. వద్దనకు, ఆ పోటుల ఒక్కనివి నిలబడలేవు. నడుముకు గట్టిగ కట్టు.

తలుపు దగ్గరికి ఎయ్యకు. పొద్దటి సంది తెరిచే ఉంచిన. ముత్తక్క అరుగు మీదికెల్లి మన తలుపు కనపడుతది.