చెంబు కలిపిన ట్రంపెటు

చెయ్యి ఊపకు. సూది ఊడుతది. మాట్లాడొద్దని డాక్టరమ్మ చెప్పింది గదా. చేతులతోని మాట్లాడుమని చెప్పలే.

ఏందీ? గట్ల మంచం కిందికి చూపిస్తవేంది? ట్రంపెటా?

సొట్ట పోలే. మంచిగనే ఉంది మెర్సీ బాపూ. పోయినయి నీ ముందటి పండ్లు. మూడు.

నేను ఎక్కువ మాట్లాడేదాన్ని గాదు, నీకెర్కే. ఇంట్ల మాటలన్నీ నీవే. ఇయ్యాల నీ మూతికి కుట్లు పడ్డయి గాబట్టి నాకు సందు దొరికింది.

పొద్దున మీ బ్యాండోళ్ళు వచ్చి పోయిన్రు. నువ్వు మత్తుల ఉన్నవు. కృష్ణయ్య మామ, ఐలేశం, డోలు కొట్టే పెద్దులు. నేను స్టూలు మీదికెళ్ళి లేచి నిలబడ్డ. ఎట్లున్నడు అని అడుగుతరు గావచ్చు అనుకున్న. కృష్ణయ్య మామ నీ మూతి దిక్కు చూసిండు. "సామాను ఏడుంది గ్రేసూ?" అన్నడు.

సామానట!

సంచిలకెళ్ళి తీసి ఇచ్చిన. ముగ్గురు దాన్ని అటు తిప్పిన్రు, ఇటు తిప్పిన్రు. బటన్లు ఒత్తి చూసిన్రు. నిన్ను గూడ డాక్టరమ్మ గంత సేపు చూడలే. "గీత గూడ పడలే. బరువుదంటే గిట్లుంటది మరి" అన్నడు కృష్ణయ్య మామ. ఐలేశం ఊకుంటడా? "గదే తేల్కదైతే తగలంగనే అది వంగిపోయేది, పండ్లు మిగిలేటియి" అన్నడు. ఇంగ మొదలు! నీ కాళ్ళకాడ నిలబడి బరువుది మేలా, తేల్కది మేలా అని కొట్లాట. పక్క మంచం మీద కాలిరిగిన గుర్వమ్మ ఉంది చూడు, ఆమె లేచి కూసున్నది. "ఏం పంచాయితీ బిడ్డా, భూమిదా?" అన్నది.

"కాదవ్వా, పలకరియ్య వచ్చిన్రు" అన్న.

నవ్వకు. కుట్లు సాగుతయి.

నీకు గీ బరువు పిచ్చి ఎప్పుడు పట్టిందో నాకెర్కే. డీజే బండ్లు వచ్చినంక. అంతకు ముందు నీ పాట రామన్నపేట బస్టాండుకాడ మొదలైతే మనింటికాడ నేను బియ్యం కడిగేదాన్ని, నువ్వొస్తున్నవని. డీజే వచ్చినంక నువ్వు గడపల నిలబడి ఊదినా వినవడకపాయె.

గప్పుడు ఫోన్ల వీడియోల ఎవడో తెల్లాయన చెప్పిండు నీకు. ఇత్తడి మందం ఉంటే పాట చెదరదు, దూరం పోతది అని. ఆయన భాష నీకెంత తెలిసిందో ఆ దేవునికే తెలియాలె. మందం అన్న ముక్క మాత్రం పట్టుకున్నవు.

పట్టుకోని ఏం చేసినవు? మా అమ్మ నాకు పెట్టిన ఇత్తడి చెంబు తీస్కపోయినవు! కంచరాయనతోని కోయించి, ఇంకో ట్రంపెటుకు గరాటు చుట్టు పట్టీ వేయించి, బటన్ల కింద బిళ్ళలు మాటు పెట్టించినవు. దాన్ని తెచ్చి నా చేతుల పెడితే నేను బిందె అనుకున్న. "చూడు గ్రేసూ, ఎంత బరువుందో" అని పొంగిపోయినవు. చెంబేదని అడిగితే, "పాటల కలిసింది" అన్నవు. ఆ మాటకు నాకు కోపం గూడ రాలే. గంత మంచిగ చెప్పినవు మరి.

మందం ఎక్కితే ఊపిరి గూడ ఎక్కువ పడుతది గదా? ఇంటికొచ్చి నిలువునా పండుకునేది నువ్వు. దవడలు గుంజుతున్నయి అంటే జండుబామ్ రాసేది నేను.

ఐలేశం చెప్పేది గూడ అబద్ధం గాదు. తేల్కది మూతికి పెట్టంగనే పలుకుతదట. ఊదేటోనికి తన పాట తనకు ఇంపుగ వినవడుతదట. గట్టిగ ఊదితే మాత్రం చీలిపోతదట. బరువుది చీలదు, దూరమున్నోనికి వినవడుతది, ఊదేటోనికే సరిగ వినవడది. మీరు ఇన్నేండ్లు కొట్లాడితే విని విని నాకు గూడ అర్థమైంది. ఆయనకు తన పాట తను వినాలె. నీకు ఊరు వినాలె.

పెండ్లోళ్ళకు ఏం కావాల్నో ఒక్కడన్న అడిగిండా?

ఎర్రకోటు కావాలె వాళ్ళకు. ఇత్తడి తళతళ మెరవాలె. వీడియోల మంచిగ పడాలె. పాట డీజే చూస్కుంటది.

నిన్నటి బారాత్ వీడియో పెద్దులు చూపించిండు. చూపియ్యకుంటే బాగుండు. పెండ్లి పిల్లగాని దోస్తు, పచ్చంగి వేస్కున్నోడు, వెనక్కి ఎగిరి దుంకిండు. వాని భుజం గరాటుకు తగిలింది. గంత బరువు తిరిగి నీ మూతి మీదికే వచ్చింది. నువ్వు కింద కూలబడ్డవు.

పాట ఆగలేదయ్యా. నీ నోట్లకెళ్ళి నెత్తురు కారుతాంది, నీ పక్కన ఎగురుతనే ఉన్నరు. నీదేదో కొత్త స్టెప్పనుకున్నరో ఏమో.

చెవు పెట్టి విన్న మెర్సీ బాపూ. నువ్వు పడకముందటిది, రెండుసార్లు పెట్టించుకోని విన్న. నీ ట్రంపెటు ఎక్కడన్న వినవడుతదేమో అని.

వినవడలే.

పోనియ్యి. నీళ్ళు తాగుతవా? గొట్టంతోని. మెల్లగ.

మీవోళ్ళు ఒట్టిగ రాలే. ఇయ్యాల చిట్యాలల పెండ్లి ఎదురుకోళ్ళు ఉన్నయి, మాటిచ్చిన్రు. ట్రంపెటుకు మనిషి లేడు. కృష్ణయ్య మామ గోడ దిక్కు చూస్కుంట అడిగిండు. "బిడ్డ మెర్సీని తోలుతవా?" అని.

అగో! చెయ్యి ఊపకు అంటున్న గదా. వద్దంటవు. నాకెర్కే వద్దంటవని. ఇరవై ఏండ్ల పిల్ల. ఆదివారం చర్చిల నీ పాత తేల్కదాన్ని అందుకుంటే పాస్టరయ్య కండ్లు మూస్కోని వింటడు. గప్పుడు "నా బిడ్డ" అని మెడ నిక్కిస్తవు. బ్యాండుల ఊదుత బాపూ అంటే మాత్రం, "ఆడపిల్ల, గంత బరువు మొయ్యలేదు" అంటవు. పత్తి మూటలు ఆటోల ఎత్తినప్పుడు ఆడపిల్ల అని నీకు యాదికి రాలేదా?

బరువు నీకు మంచి సాకు దొరికింది. నీ భయమేందో నాకెర్కే. తాగి ఎగిరేటోళ్ళ నడుమ బిడ్డ. నాకు లేదా ఆ భయం?

పొద్దున మెర్సీ గిక్కడనే నిలబడ్డది, నీ తలకాడ. వాళ్ళు మళ్ళ షురూ చేసిన్రు. బరువుది తీస్కపొమ్మని కృష్ణయ్య మామ, తేల్కది తీస్కపొమ్మని ఐలేశం. అది ఇద్దరి దిక్కు చూసింది. "తాతా, ఆ డీజే ముందట రెండూ ఒకటే. తేల్కదైతే చేతులన్న నొయ్యవు" అన్నది. గుర్వమ్మ గూడ నవ్వింది.

ఆఁ. పోయింది. నేనే తోలిన. నీ కోటు చేతులు మడిచి గుండుపిన్నులు పెట్టిన. నువ్వు మత్తు నిద్రల ఉన్నవు. లేపలే. లేపితే గిట్లనే ఊపుతవని లేపలే.

చూడకు గట్ల. ఇంకోటి ఉన్నది, అది గూడ విను.

ఇందాక నేను వరండలకు పోయింది దాని ఫోనొస్తేనే. పెండ్లోళ్ళ గేటుకాడ నిలబడ్డరట. పెండ్లి పిల్ల మేనమామ వచ్చి, "అమ్మాయ్, నువ్వు ఊదకు. మూతి కాడ పెట్టుకోని నిలబడు చాలు, పాట బాక్సులల్ల వస్తది" అన్నడట. నిన్న నిన్ను గూడ గట్లనే అన్నరని పెద్దులు చెప్పిండు. నువ్వు విన్లే. ఊదినవు. ఊదుతుంటే అది మూతికి గట్టిగ ఆనుకోని ఉంటది గదా, దెబ్బ అంతా పండ్ల మీదికే వచ్చింది.

"ఏం చెయ్యనే అమ్మా?" అని అడిగింది. దానికి ఊదాలని ఉన్నది. నేను ఊదుమంటననే ఫోను చేసింది.

ఊదకు అన్న.

మూతికి జానెడు దూరం పెట్టుకో, బుగ్గలు ఉబ్బించు, ఫొటో దిగు, ఇంటికి రా అన్న. అది ఫోను పెట్టేసింది.

ఏంది? ఏడుస్తున్నవా?

తోలినందుకా, ఊదొద్దన్నందుకా? వేళ్ళతోని చూపెట్టు. మొదటిదా, రెండోదా?

రెండోదా!

ఇందాకట్నించి చెయ్యి ఊపినోనివి, ఇప్పుడు ఊదొద్దన్నందుకు ఏడుస్తవా? ఏం మనుషులయ్యా మీరు!

నేను ఊదేదాన్ని గాదు. నాకు బిడ్డ పండ్లు కావాలె. పాట సంగతి మీరు మీరు చూస్కోండ్రి.