నాసరమ్మ పెట్టని పాలికిచ్చింది

నాసరమ్మని ఒకామె, మొగుడు లేడు, ఉన్నదల్లా ఒక చుక్కల పెట్ట. ఆ పెట్ట పదకొండు పిల్లల్ని దించింది. ఇంక చూడు ఆమె సంబరం! కూతురికి మూడో నెలంట. కాన్పుకొచ్చేటప్పటికి ఇయ్యి కోళ్ళవుతాయి, బాలెంతకి కూరొండి పెట్టొచ్చు, అత్తగారోళ్ళ దగ్గర నా పిల్ల మాట పడే పన్లేదు అనుకుంది. ఏమైందంటే, పక్కింటి పేరయ్యకో కుక్కుంది, పేరు రాజా. దానికి పాలన్నం పెట్టి, మీసం తిప్పుకుంటా ఈదంతా తిప్పేవోడు. ఒక శనారంనాడు ఆ రాజా గోడ దూకి ఒక కోడిపిల్లని కరుచుకుపోయింది. నాసరమ్మ లబోదిబోమంటా పోయి, అన్నా, నీ కుక్క నా కోడిపిల్లని తినింది అంటే, ఆయనేమంటాడూ, "పిల్లి తినుంటది లేమ్మే. మా రాజా శనారం నీసు ముట్టదు" అన్నాడంట. వినండయ్యా, కుక్క శనారం చేస్తందంట! మర్నాడు ఇంకోటి పోయింది. మూతికి ఈకలున్నయి చూడన్నా అంటే, "గాలికి అంటుకున్నయిలే, పిల్లే తినుంటది" అన్నాడు. గంప మూసి పైన రాయి పెట్టింది. రాజా గంపని నెట్టేసి మూడోదాన్ని మింగింది. మళ్ళీ పోతే, "అంత బాధైతే నీ కోళ్ళని నువ్వే కట్టేసుకో" అన్నాడు. ఓరి నీ మొహం మండ! పెద్దమనుషులకి చెప్పుకుందామంటే, ఆ పెద్దమనుషుల్లో పెద్దోడు ఈ పేరయ్యేనాయె.

మూడ్రోజులు పెట్టనీ పిల్లల్నీ ఇంట్లో పెట్టి తలుపేసుకుంది. పురుగూ పుట్రా ఏరుకు తినకపోతే పిల్లలు బతుకుతయ్యా? నాలుగోనాడు తిన్నగా పేరయ్య పెళ్ళాం కనకం దగ్గరికి పోయి, "వొదినా, నా పెట్టని నీకు పాలికిస్తా. మేత నాది, చాకిరీ నాది, పిల్లల్లో సగం నీయి" అనింది. పాలంటే మీకు తెలుసు గదా, పెరిగిందాకా పంచరు, ఇది నాది అది నీది అని గుర్తెయ్యరు. మధ్యలో ఒకటి పోతే ఇద్దరికీ నష్టమే. ఊరకొచ్చేదాన్ని కనకం ఒద్దంటదా? పళ్ళికిలించింది.

అంతే! ఆ సాయంత్రం రాజా గోడెక్కిందో లేదో, కనకం చీపురు తిరగేసింది. "నా పిల్లల మీదకి పోతావంటే, నీ కాళ్ళిరగ్గొడతా!" మొగుడి మీద పడి, దాన్ని కట్టేస్తావా, నిన్ను కట్టెయ్యమంటావా అనింది. పేరయ్య సంతకి పోయి గొలుసు తెచ్చాడంట. తేవటమే గాదు, పొద్దున్నే నోట్లో వేపపుల్ల పెట్టుకుని, కర్ర పట్టుకుని, నాసరమ్మ పెరట్లో గద్దల్ని తోలతా కూకునేవోడు. మీసం మాత్రం అట్టానే ఉంది అనుకో.

పెరిగినాక పంపకాలొచ్చినయి. ఎనిమిది కోళ్ళు. పేరయ్య వేళ్ళు ముడుస్తా, "ఏందమ్మే, పెట్ట పదకొండు దించింది గదా, మూడేవీ? మాకు తెలీకుండా కోసుకు తిన్నావా?" అన్నాడు. నాసరమ్మ నూకలు జల్లతానే, తలెత్తకుండా, "పిల్లి తినుంటది లే అన్నా" అనింది. పేరయ్య తన నాలుగు కోళ్ళూ చంకన పెట్టుకుని పోయాడు. మిగతా నాలుగూ బాలెంత తినింది, ఆ సంబరం జరిగింది.

ఊళ్ళో అందరూ నాసరమ్మది తెలివంటే తెలివి అంటారు. నాకైతే ఒళ్ళు మండిద్ది. కుక్క తినింది మూడే. పేరయ్య తినింది నాలుగు. గొలుసు మాత్రం కుక్క మెడకే ఏశారంట.