రంగు పెన్సిళ్లతో ఆయన బొమ్మ

ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్లో, కొత్త పెళ్లికూతురు ఫోనుని పంచదార డబ్బాకి ఆనించి, సరిహద్దులో ఉన్న భర్త ముఖం చూస్తూ బొమ్మ గీస్తోంది.

"కదలకండి, ముక్కు దగ్గరున్నాను."

"ఈ రంగు పెన్సిళ్లు మాకూ ఉన్నాయిలే, మ్యాపుల మీద గీతలకి."

"అసలు మొదట్లో ఇవి గుర్తులు పెట్టుకోవడానికేనటండీ! రంగు వెలిసిపోకుండా, బొమ్మలేసేవాళ్ల కోసం తర్వాతెప్పుడో చేశారట."

"అచ్ఛా! మా పెన్సిళ్లకి ఆ కబురింకా అందలేదు."

ఆమె పకపకా నవ్వింది.

"ఇంకెన్నాళ్లు గీస్తావు?"

"పల్చగా పొర మీద పొర వేయాలి కదండీ. మీరు లీవులో వచ్చేసరికి అయిపోతుంది."

అటు ఆయన టోపీ తీసి పక్కన పెట్టాడు.

"లీవు ఈసారికి లేదన్నారు."

ఆమె మొన తేలిన పెన్సిల్‌నే మళ్లీ చెక్కింది.

"పోన్లెండి. ఇంకాస్త తేలిగ్గా రుద్దుతాను, తొందరేముంది."