తోక ఊపిన కాపలా కుక్క

లేవకు, పడుకో. ఒళ్లు కాలిపోతోంది, ఇంకా లేచి కూర్చుని నాకు సంజాయిషీ ఇస్తుందట! పక్కింటావిడ దగ్గర తాళంచెవి లేకపోతే ఈపాటికి నీ తలుపు విరగ్గొట్టేదాన్ని.

ఏం చూస్తావలా? అమ్మనే. ఈసారి ఫోన్లో కాదు, బస్సు దిగి వచ్చా.

నువ్వు చేసే ఉద్యోగమేంటో నాకు తెలీదనుకున్నావు కదూ? పోయినసారి వచ్చినప్పుడు భోంచేస్తూ నువ్వే చెప్పావు. కంప్యూటర్లో ప్రాసెసర్ ఒక్కోసారి ఒకే పనిలో ఇరుక్కుని గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుందట. పైకి దీపాలు వెలుగుతూనే ఉంటాయట. అందుకని ఆపరేటింగ్ సిస్టమ్‌లో మీరో కాపలా కుక్కని పెడతారు. ప్రాసెసర్ మిగతా పనులతో పాటు, నేను బాగానే ఉన్నానని అప్పుడప్పుడూ ఓ సంతకం చెయ్యాలి. కుక్క వచ్చి చూసుకుంటుంది. సంతకం పాతబడిందా, మొరుగుతుంది. అవునా? తలూపకు, నొప్పెడుతుంది.

మరి మీ ఆఫీసులో ఎవరో మహానుభావుడు ఆ మొరుగుడు పడలేక సంతకాన్ని గడియారం చేత పెట్టించాడని ఎంత తిట్టావు! ప్రాసెసర్ బిగుసుకుపోయినా సంతకాలు పడుతూనే ఉన్నాయి, కుక్క తోక ఊపుతూనే ఉంది అన్నావు. వాడికి బుద్ధుందా అన్నావు.

ఇప్పుడు చెప్పు, బుద్ధి ఎవరికి లేదు?

నిన్న సాయంత్రం మీ నాన్న మెట్ల మీద జారిపడ్డారు. కంగారు పడకు, కాలు బెణికింది, అంతే. ఆ మాటే నీకు మెసేజ్ పెట్టా. రోజూ వచ్చే వేళకి ఠంచనుగా వచ్చింది నీ జవాబు. "తిన్నానమ్మా. నువ్వు తిన్నావా?"

మీ నాన్న కాలు పట్టుకుని మరీ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నాళ్లూ మాట్లాడింది నా కూతురు కాదు, మెసేజ్ దానంతటదే వెళ్లిపోయేలా నువ్వు పెట్టిన గడియారం అని అప్పుడు తెలిసింది. ఫోన్ చేస్తే ఎత్తవు. బస్సెక్కేశా.

రోజూ తిన్నావా అని అడిగే అమ్మ గోల భరించలేక చేశావులే. కాపలా కుక్క అంటే నేనేగా? ఫర్వాలేదు, ఆ ఉద్యోగం నాకిష్టమే.

అసలు కోపం నీ మీద కాదే. నువ్విక్కడ మంచినీళ్లిచ్చే దిక్కులేక పడుంటే, ఆ మెసేజ్ చూసుకుని నేను రోజూ హాయిగా నిద్రపోయాను. తెల్లారేదాకా ఒక్కసారైనా మెలకువ రాలేదు. అదే నాకు మింగుడుపడటం లేదు.

ఏడవకు. ఈ పాలు తాగు. రేపట్నుంచి ఆ గడియారాన్ని మాన్పించు. తింటే తిన్నానని పెట్టు, తినకపోతే లేదని పెట్టు. ఏమీ పెట్టలేనప్పుడు ఊరుకో. నేను వచ్చేస్తా.